పరుగు పెద్దల గుమ్మం దాకా

(అంతర్జాతీయ వయోవృద్ధుల దినం సందర్భంగా జరిగిన పౌరసభలో తెలుగు విభాగం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)

 

ఐక్యరాజ్యసమితి 1990లో చేసిన తీర్మానం మేరకు ఏటా అక్టోబరు 1వ తేదీని వయోవృద్ధుల దినంగా పాటిస్తున్నారు. ఆ రోజున శాలువలు కప్పడం, పండ్లు పంచడం, ఛాయాచిత్రాలు తీయించుకోవడం రివాజు. అక్టోబరు 2వ తేదీ మొదలుకొని మరుసటి సెప్టెంబరు 30 వరకు ఆ పెద్దలకు తోడెవరన్నదే నేటి ప్రసంగ విషయం.

బెంగళూరు నగరంలో ఆదివారం ఉదయం కబ్బన్ పార్కు దారులలోనికి వాహనాలను అనుమతించరు. తెల్లవారకముందే అక్కడికి పరుగు బృందాలు చేరుకుంటాయి. చిత్తూరు, అనంతపురం, కర్నూలు, గుంటూరు ప్రాంతాల నుంచి ఉద్యోగార్థం వచ్చి స్థిరపడిన తెలుగువారు ఆ బృందాలలో తక్కువేమీ కాదు. వారమంతా కుర్చీకి అతుక్కుపోయిన దేహానికి వారు ఆదివారం పది కిలోమీటర్ల పరుగుతో ప్రాయశ్చిత్తం చేసుకుంటారు. సరిగ్గా ఆ వేళకే వారిలో కొందరి ఇళ్లలో తల్లో తండ్రో బాల్కనీలో కూర్చొని దిగువన పోయే వాహనాలను చూస్తుంటారు. ఊళ్లో పొలం కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేసి, మనుమల కోసం తరలివచ్చినవారు వారు. కన్నడం రాదు, హిందీ అంతకన్నా రాదు. లిఫ్టులో ఎదురైనవారు చిరునవ్వు నవ్వి వెళ్లిపోతారు. ఆ ఇంట తిండికి కొరత లేదు, మందులకు కొరత లేదు. పలకరింపుకు మాత్రం కొరత ఉంది.

మరొక వర్గం పెద్దలు కూడా ఉన్నారు. పాత పేటలలో ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతూ తరతరాలుగా జీవిస్తున్న కుటుంబాలవారు. ఊరు వారిది, భాషలూ వారివే. అయితే పిల్లలు నగరం అంచులకో, విదేశాలకో తరలిపోగా పెద్ద ఇంట్లో ఒక్కరో ఇద్దరో మిగిలారు. కొత్తగా వచ్చినవారిది మాట తెలియని ఒంటరితనమైతే, వీరిది మాట్లాడే మనిషి లేని ఒంటరితనం.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమాలకై మన దేశంలో 2007లో చట్టం వచ్చింది. పోషణ అంటే ఆహారం, వస్త్రాలు, నివాసం, వైద్యం అని ఆ చట్టం నిర్వచించింది. అవి పిల్లల నుంచి అందకపోతే ట్రిబ్యునలు ఇప్పించగలదు. ఎదుట కూర్చొని అరగంట మాట్లాడే మనిషిని ఇప్పించే అధికారం ఏ ట్రిబ్యునలుకూ లేదు. ఆ పని పొరుగువారిది.

ఈ చిక్కుకు లండన్ నగరంలో ఒక మార్గం కనుగొన్నారు. ఐవో గోర్మ్‌లీ అనే యువకునికి వ్యాయామశాలలంటే రుచించేది కాదు. యంత్రాల మీద అంతమంది ధారపోస్తున్న శక్తి ఎవరికీ అక్కరకు రాకుండా పోతున్నదని ఆయన అభిప్రాయం. ఆయన పరుగెత్తుకుంటూ వెళ్లి, ఇల్లు కదలలేని ఒక వృద్ధునికి పత్రిక అందించి, కాసేపు మాట్లాడి తిరిగి వచ్చేవారు. ఆ అలవాటు నుంచి 2009 ప్రాంతంలో ‘గుడ్‌జిమ్’ అనే సంస్థ రూపుదిద్దుకొని, బ్రిటన్‌లోని ఇతర పట్టణాలకు వ్యాపించింది. ఒంటరితనం ఆ దేశంలో ఎంత పెద్ద సమస్యగా పరిణమించిందంటే, 2018లో అక్కడి ప్రభుత్వం ఆ వ్యవహారాలకు ప్రత్యేకించి ఒక మంత్రికి బాధ్యత అప్పగించింది.

గుడ్‌జిమ్ పనితీరు మూడు విధాలు. మొదటిది బృంద పరుగు. వారానికొక సాయంత్రం కొందరు కలిసి పరుగెత్తుతూ ఒక సామాజిక కేంద్రానికో తోటకో చేరుకుంటారు. కుర్చీలు సర్దడం, మట్టి మోయడం, గోడకు రంగు వేయడం వంటి పని ఒకటి పూర్తిచేసి, పరుగెత్తుతూనే తిరిగి వస్తారు. రెండవది, ఒక వృద్ధుని ఇంట ఒక్కసారితో ముగిసే పని. బరువైన మంచం జరపడం, దీపం మార్చడం వంటిది. మూడవది, ఒకే వ్యక్తి ఒకే పెద్ద ఇంటికి ప్రతి వారం పరుగెత్తి వెళ్లి పలకరించడం. ఇళ్లకు వెళ్లేవారి పూర్వాపరాలను ముందుగా విచారించి గాని పంపరు.

ఆ మూడవ పద్ధతిలో ఒక సూక్ష్మం ఉంది. అక్కడ వృద్ధుని సహాయార్థి అని వ్యవహరించరు, ‘కోచ్’ అంటారు. వాన కురుస్తున్నా, ఒళ్లు బద్ధకించినా, తన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారన్న తలంపు పరుగెత్తేవానిని మంచం మీది నుంచి లేపుతుంది. ఆ విధంగా వానిచేత పరుగు తీయించే శిక్షకుడు ఆ వృద్ధుడే. ఇచ్చేవాడు పైన, పుచ్చుకొనేవాడు కింద అన్న వరుస అక్కడ చెరిగిపోతుంది. జీవితమంతా పదిమందికి పెట్టి, ఇప్పుడు ఒకరి ముందు చేయి చాచడానికి మనసొప్పని మన పెద్దలకు ఈ అమరిక ఎంతగానో నప్పుతుంది. పెద్దల మాట చద్దన్నం మూట అన్నారు. ఆ మూట విప్పమని అడిగేవారు గుమ్మంలోకి రావాలి.

ఆరోగ్య దృష్టితో చూసినా ఈ కలయిక అర్థవంతమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారం పెద్దవయసు వచ్చిన ప్రతి వ్యక్తికీ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ అవసరం. 65 ఏళ్లు దాటినవారు వీటితోపాటు వారానికి మూడు రోజులైనా శరీర సమతౌల్యానికి, కండరాల బలానికి తగిన వ్యాయామం చేయాలి. పడిపోకుండా కాపాడేది అదే. యువకుడు కేంద్రానికి రానూపోనూ ఆరు కిలోమీటర్లు పరుగెత్తితే అతని వాటా కొంత తీరుతుంది. అక్కడ ఉన్నంతసేపు పెద్దలు కుర్చీలో నుంచి లేచి కూర్చొనే వ్యాయామం చేస్తూ ఉంటే, పక్కన చేయి అందించి నిలబడితే వారి వాటా కూడా తీరుతుంది.

దీనికి ఎదురయ్యే ఆక్షేపణలను కూడా పరిశీలించాలి. పెద్దలను చూడదలచినవాడు బస్సులో వెళ్లవచ్చు గదా, పరుగెందుకని కొందరు అడుగుతారు. సేవకు సమయం లేదనేవారిలో చాలామంది పరుగుకు సమయం కేటాయించినవారే. ఉన్న అలవాటు దారి మళ్లితే కొత్తగా సమయం వెదకనక్కరలేదు. బృందంగా వెళ్లేటప్పుడు ఒకరు మానితే మిగిలినవారు అడుగుతారు గనుక మానడం కూడా తగ్గుతుంది.

రెండవ ఆక్షేపణ దీనికన్న గట్టిది. యువకులు నాలుగు వారాలు వచ్చి, ఫొటోలు తీసుకొని, ఐదవ వారం నుంచి కనిపించకుండా పోతారని కేంద్రాల నిర్వాహకులు అంటారు. ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. ఎవరూ రాకపోతే ముసలి ప్రాణం అందుకు అలవాటు పడుతుంది. వస్తామని చెప్పి రానివారి కోసం మాత్రం ఉదయమే స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకొని, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది. అందుచేత బృందం తన మాటను తన శక్తికి లోబడి ఇవ్వాలి. ప్రతి వారం సాధ్యం కాకుంటే నెలకొక్క ఆదివారమని చెప్పి, ఆ ఆదివారం తప్పకూడదు. ఉద్యోగం మారి ఊరు విడిచేవారు వెళ్లేముందు స్వయంగా వచ్చి చెప్పి, తమ స్థానంలో రాబోయేవారిని పరిచయం చేయాలి.

మరికొన్ని నియమాలు ఆచరణలో అవసరమవుతాయి. కేంద్రానికి ఏ పని కావాలో నిర్వాహకులే చెప్పాలి. బృందం తనకు తోచిన పని నెత్తిన వేయరాదు. చెమటతో లోనికి పోక, ముఖమూ చేతులూ కడుక్కొని, పొడి చొక్కా మార్చుకోవాలి. జలుబు, జ్వరం ఉన్నవారు ఆ వారం రాకూడదు. అనుమతి లేనిదే ఎవరి ఫొటో తీయరాదు. ఒక పెద్ద ఇంటికి వెళ్లవలసివస్తే కేంద్రానికి తెలిపి ఇద్దరుగా వెళ్లాలి. ఎవరైనా కిందపడితే ఆదరాబాదరాగా లేపక, కదిలించకుండా 108కి ఫోన్ చేయాలి.

నవంబరు నెలలో ఇటువంటి బృందాలకు ప్రత్యేకమైన పని ఒకటి ఉంటుంది. ప్రభుత్వ పింఛనుదారులు ఏటా ఆ నెలలో తాము జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం సమర్పించాలి. 80 ఏళ్లు నిండినవారికి అక్టోబరు నుంచే అవకాశం ఉంది. 2014లో ప్రారంభమైన ‘జీవన్ ప్రమాణ్’ విధానంలో దీనిని బ్యాంకుకు పోకుండానే ఇవ్వవచ్చు. వేలిముద్ర అరిగిపోయినవారు ఫోనులో ముఖం చూపినా చాలు. పరుగెత్తుకుంటూ వచ్చిన యువకుని జేబులోని ఫోను పది నిమిషాలలో ఈ పని తీర్చగలదు. ఒక్క హెచ్చరిక తప్పనిసరి. ఆ ధ్రువపత్రానికి వచ్చే ఓటీపీని పెద్దలే చూసుకొని నమోదు చేయాలి. బ్యాంకు పిన్నును అడగరాదు, చెప్పబోయినా వినరాదు.

భాష సంగతి ఒకటి మిగిలింది. మతిమరుపు వ్యాధి సోకిన పెద్దలు కొందరు నడుమ నేర్చిన భాషలను మరచి, తల్లిభాషలోనే మాట్లాడసాగుతారు. కేంద్రంలోని సిబ్బందికి ఆ భాష రాకుంటే, దాహమన్న మాట కూడా అర్థం కాక కేకగా వినబడుతుంది. అటువంటి చోట తెలుగు తెలిసిన ఒక్క యువకుడు నర్సు చేయలేని పని చేయగలడు. ఇందులో ఇచ్చిపుచ్చుకోలు కూడా ఉంది. పాత పేటల తెలుగు పెద్దలకు కన్నడం కరతలామలకం. నగరానికి వచ్చి ఏడేళ్లయినా ఆటోవారితో కన్నడంలో రెండు మాటలు ఆడలేని యువకునికి వారికన్న ఓర్పుగల గురువులు దొరకరు. అయినా తెలుగు బృందం తెలుగు పెద్దలకే పరిమితం కారాదు. కేంద్రంలో పక్క కుర్చీలో కూర్చున్న కన్నడ అవ్వకు, తమిళ పాటికి కూడా అదే పలకరింపు దక్కాలి.

ఆపదలో ఉన్న వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం నిర్వహించే ‘ఎల్డర్ లైన్’ సంఖ్య 14567. ఉదయం 8 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకు ఈ సంఖ్యకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. నేడు దేశమంతటా ఉన్న ఈ సేవకు 2017లో టాటా ట్రస్టులు హైదరాబాదులో నాటిన విత్తనమే మూలమన్నది తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. ఇరుగుపొరుగున వేధింపునకో నిరాదరణకో గురవుతున్న పెద్దలు కనిపిస్తే బృందాలు ఈ సంఖ్యను ఉపయోగించాలి.

ప్రారంభానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. ఆరుగురు చాలు. నివాసానికి మూడు కిలోమీటర్ల లోపున ఉన్న ఒక వృద్ధుల దినసేవా కేంద్రాన్ని ఎంచుకొని, మొదట పరుగు దుస్తులు లేకుండా వెళ్లి నిర్వాహకులతో మాట్లాడాలి. నెలలో ఒక ఆదివారం నిర్ణయించుకోవాలి. ఆరున్నరకు బయలుదేరి, ఏడింటికి చేరి, ముప్పావుగంట పనిచేసి, పావుగంట కూర్చొని మాట్లాడి, ఎనిమిదింటికి వెనుదిరగవచ్చు. చివరి పావుగంటను పని ఎక్కువైందని తగ్గించరాదు. కుర్చీలు ఎవరైనా సర్దగలరు. ఆ పావుగంట కోసమే పెద్దలు ఎదురుచూస్తారు.

ఇంట్లో తల్లిదండ్రులున్నవారు తొలి ఆదివారం వారిని కూడా ఆటోలో ఆ కేంద్రానికి రమ్మనడం మంచిది. కొడుకు కుర్చీలు మోస్తుండగా ఆ తల్లికి అక్కడ తన ఊరి యాస మాట్లాడే మరొక తల్లి తారసపడవచ్చు. అటుపై ఆదివారం ఎప్పుడు వస్తుందని ఆమే అడుగుతుంది.