ఒంటెల మందలో వర్గమూలం

 ధర్మపురి గోదావరి ఒడ్డున వేదంతో పాటు జ్యోతిషమూ చదివిన ఊరు. గ్రహగతి గుణించాలన్నా, పంచాంగం కట్టాలన్నా గణితమే ఆధారం. ఈ ప్రాంతంలో లెక్కలు చెప్పి కాలం చేసిన ఉపాధ్యాయుల స్మృతిలో ఈ ఉపన్యాసం ఒకే రకం లెక్క చరిత్రను అనుసరిస్తుంది. తెలియని రాశి, దాని వర్గమూలం ఒకే సమీకరణంలో కలిసి వచ్చే లెక్క అది.

క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని ఏలుబడిలో, జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసార సంగ్రహం' రచించాడు. అందులో ఇలాంటి లెక్కలకు 'మూలజాతి' అని పేరు. ఒక ఒంటెల మందలో నాలుగో వంతు అడవిలో ఉంది. మంద వర్గమూలానికి రెండింతలు కొండవాలుకు పోయాయి. ఏటి ఒడ్డున 15 మిగిలాయి. మంద ఎంత?

ఆయన సూత్రం ప్రకారం ఒకటిలోంచి పావు తీస్తే ముప్పావు. మూలం గుణకం 2లో సగం 1. దాన్ని ముప్పావుతో భాగిస్తే 4/3, పదిహేనును భాగిస్తే 20. ఇరవైకి 4/3 వర్గమైన 16/9 కలిపితే 196/9. దాని మూలం 14/3. దానికి 4/3 చేరిస్తే 6, వర్గం చేస్తే 36. సరిచూడండి: 9, 12, 15 కలిపితే 36.

నేటి తరగతిలో మూలాన్ని ఒక పక్కకు తెచ్చి ఇరువైపులా వర్గం చేస్తారు. అప్పుడు 36తో పాటు 100/9 కూడా బయటపడుతుంది. దాన్ని మొదటి లెక్కలో పెడితే మొత్తం 220/9 అవుతుంది, పొసగదు. 2కీ, రుణ 2కీ వర్గం 4 కావడంతో, వర్గం చేయగానే గుర్తు తేడా చెరిగిపోతుంది. ఆ సందులోంచే దొంగ జవాబు దూరుతుంది. మహావీరుడు ధనమూలాన్నే తీసుకున్నాడు కాబట్టి ఆయన దారిలో అది ఎదురుకాదు. రుణరాశికి వర్గమూలం లేదని స్పష్టంగా చెప్పినవాడూ ఆయనే.

ఆ రాష్ట్రకూటుల సామంతులే ఈ సీమనేలిన వేములవాడ చాళుక్యులు. వారి కాలంలోనే, 945 ప్రాంతంలో, కన్నడ మహాకవి పంప తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు రాతికెక్కాయి. తర్వాతి శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరుని గణితాన్నే అలా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జినస్తుతి ఉన్నచోట శివుణ్ణి నిలిపాడు. సంస్కృత మూలాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో ప్రకటించాక ఈ లెక్కలు ప్రపంచానికి చేరాయి.

మళ్ళీ వెనక్కి వెళితే, 1150లో భాస్కరాచార్యుడు 'లీలావతి'లో ఇదే రకం లెక్కలోకి హంసలను తెచ్చాడు. గుంపు వర్గమూలానికి మూడున్నర రెట్లు ఒడ్డుకు నడిచాయి, నీటిలో రెండు మిగిలాయి. జవాబు 16. వర్గం చేసే పద్ధతిలో 1/4 కూడా వస్తుంది. పావు హంస ఉండదని పిల్లలు ఇట్టే అంటారు. అంతటితో వదలకుండా ఉపాధ్యాయులు దాన్ని లెక్కలో పెట్టించాలి. పావు మూలం అర, దానికి మూడున్నర రెట్లు 7/4, నీటిలోని రెండూ కలిపితే 15/4, పావు కాదు. పదో తరగతిలో వర్గ సమీకరణాలు మొదలుపెట్టే రోజున ఈ హంసలను, ఆ ఒంటెలను తెలుగులోనే నల్లబల్ల మీదికి తేవాలని ఈ సభలోని ఉపాధ్యాయులకు మనవి.