పట్టా నేలలో ఏ చెట్టు? వేరును అడుగుదాం



2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలు వచ్చిన ఇళ్లలో ఇప్పుడు ఒకటే చర్చ. జామాయిల్ వేద్దామా, సుబాబుల్ వేద్దామా, సరుగుడు వేద్దామా? కిందికి దిగితే రాజమండ్రి కాగితం మిల్లు, పైకి వెళితే భద్రాచలం దగ్గర సారపాక మిల్లు. చర్చ రాకుండా ఎలా ఉంటుంది! ధర సంగతి అందరూ చెబుతారు. మనం వేరు సంగతి మాట్లాడుకుందాం.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ చెట్టు దాన్ని నేరుగా తినలేదు. సుబాబుల్ వేరు బుడిపెల్లో రైజోబియం అనే సూక్ష్మజీవి కాపురముండి, గాలిలోని నత్రజనిని చెట్టుకు పనికొచ్చేలా మారుస్తుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర పెడుతుంది. సరుగుడుది చిక్కుడు కుటుంబం కాదు, దాని వేళ్లలో ఉండేది ఫ్రాంకియా అనే వేరే జీవి. సముద్రపు ఒడ్డు ఇసుకలోనూ సరుగుడు బతకడానికి అదొక కారణం. జామాయిల్‌కు ఇలాంటి చుట్టం లేదు, నేలలో ఉన్నదే తినాలి.

మన తాతలు పోడులో జొన్న, సామల మధ్య కంది వేసేవారు. పప్పు కోసమే వేశారనుకున్నా, నేల కూడా లాభపడింది.

అయితే "సుబాబుల్ వేస్తే నేల బలపడుతుంది" అనే మాట సగమే నిజం. చెట్టు పట్టిన నత్రజని ఎక్కువగా ఆకులో ఉంటుంది. ఆకు రాలి కుళ్లితేనే అది నేలకు చేరేది. మూడు నాలుగేళ్లకు నరికి, కర్ర మిల్లుకు, రెమ్మలు పొయ్యికి, ఆకు మేకలకు పంపేస్తే నేలకు ఏం మిగిలింది? మిగిలిన చెత్తకు నిప్పు పెడితే నత్రజని పొగలో పోతుంది. భాస్వరం, పొటాష్, సున్నం గాలిలోంచి రావు, లారీ ఎక్కిన ప్రతి కర్రతోనూ కొంత వెళ్లిపోతాయి. అందుకే నరికినా ఆకు, బెరడు చేలోనే వదలాలంటాం.

సుబాబుల్‌తో ఇంకో పేచీ ఉంది. మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టు ఇది. గింజ రాలి కంచె దాటుతుంది. ప్రపంచంలో బాగా బెడదగా మారిన 100 జాతుల జాబితాలో దాని పేరుంది. ఆకులో మైమోసిన్ అనే విషం ఉంటుంది కాబట్టి పశువులకు అదొక్కటే మేపకూడదు.

మన కొండల్లోనే బుడిపెల చెట్లు లేవా? కానుగ, పెద్దేగి, ఇరుగుడు ఉన్నాయి. మిల్లు కర్రంత తొందరగా డబ్బు రాదు, నిజమే. అందుకే చేను మొత్తం ఒకే చెట్టుకు అప్పగించకుండా, గట్ల మీద కానుగ, మధ్యలో కంది ఉండేలా చూడమంటున్నాం. కాయ కాసే ప్రతి చెట్టుకూ బుడిపెలుంటాయనుకోకండి. చింతకు లేవు, రేలకు లేవు. ఇప్పకూ లేవు. అలాగని ఇప్ప మీద గొడ్డలి వేస్తే మన అమ్మలు ఊరుకోరు!

ఈ వానలకు ఒక కంది మొక్కను వేళ్లతో సహా మెల్లగా తవ్వి తీయండి. బుడిపెను గోరుతో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే పని చేస్తున్నట్టు, పచ్చగానో బూడిద రంగులోనో ఉంటే పని ఆగినట్టు. తరవాత కానుగ మొక్క వేరూ అలాగే చూడండి.