అంగడికి ఇద్దరు యజమానులు



నేను ముప్పదియైదు సంవత్సరములు తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. వ్యాపారమును గూర్చి పండితునకేమి తెలియునని మీరు సందేహింపవచ్చును. రేపల్లె తాలూకాలోని మా యూర బట్టల అంగడి నడపిన శెట్టిగారికి చూపు మందగించుటచే, నా చదువుకాలమున సెలవులందు వారి చిట్టాయు ఆవర్జాయు నేనే వ్రాసెడివాడను. కావ్యములు నేర్పని లోకవ్యవహారమును ఆ పద్దులు నాకు నేర్పినవి.

శెట్టిగారు తరచుగా ఇట్లనెడివారు: "నాయనా! ఈ అంగడికి నేను గుమాస్తాను మాత్రమే. యజమానులు ఇద్దరు. ఒకరు పంచాంగము, ఒకరు ఆకాశము."

మొదట పంచాంగము మాట. జనులకు ఏ వస్తువు ఎప్పుడు కావలెనో నిర్ణయించునది పంచాంగమే. ఉగాదికి కొత్త చింతపండు, బెల్లము. శ్రావణ శుక్రవారములకు చీరలు, రవికెగుడ్డలు, పసుపు కుంకుమలు. వినాయకచవితికి పత్రి, పాలవెల్లి. దీపావళికి ప్రమిదలు, బాణసంచా. సంక్రాంతికి ఇంటిల్లిపాదికి కొత్త బట్టలు. ఆషాఢమునందును మూఢములయందును వివాహములు లేవు గనుక బట్టల అంగడి వెలవెలబోవును. నేటి పట్టణపు అంగళ్లవారు ఆషాఢమున ధరలు తగ్గించి జనులను పిలుచుటకు కారణమిదియే. కార్తికమున పలువురు మాంసము మానుదురు గనుక కోళ్ల బేరము తగ్గును.

పండుగల తేదీలు కదలుచుండును. చాంద్రమాన సంవత్సరమునకు సుమారు 354 దినములు, సౌరమాన సంవత్సరమునకు 365 దినములు. ఈ పదునొకండు దినముల తేడా పెరిగి పెరిగి అధికమాసముతో సరిపడును. 2022లో దీపావళి అక్టోబరు 24న వచ్చెను. 2023లో అధిక శ్రావణము పడుటచే నవంబరు 12న వచ్చెను. నిరుటి పద్దులోని తేదీని నమ్మి సరకు దింపిన వర్తకుడు చిక్కులలో పడును. సంక్రాంతి మాత్రము సూర్యుని పండుగ. జనవరి 14న గాని 15న గాని వచ్చి తీరును.

ఇక ఆకాశము మాట. దాని ప్రభావము రెండు విధములు. ఒకటి, ఆ దినపు వాన. పండుగ ముందటి సంతనాడు వాన కురిసెనేని బట్టలు కొనువారు మరునాడు వత్తురు. ఆ అమ్మకము వాయిదా పడినదేగాని పోయినది కాదు. పూలమ్ముకొను ఆమె గతి అట్లు కాదు. చవితినాటి పత్రిని పంచమినాడు అడుగువారుండరు. కావున ఒకే వాన ఒకరికి ఆలస్యము, మరియొకరికి నష్టము.

రెండవది, ఋతువు. మృగశిర కార్తెలో తొలకరి పడినచో రైతు సొమ్మంతయు విత్తనములకును ఎరువులకును పోవును. అప్పుడు బట్టల అంగడిలో ఈగలు తోలుకొనవలసినదే. పంట ఇల్లు చేరిన పిమ్మటనే ఆ సొమ్ము మరల అంగడికి వచ్చును. మన కోస్తాలో వరి కోతకు వచ్చు కాలమును తుపానుల కాలమును ఒకటే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినప్పుడు కోతకు వచ్చిన పైరు నీట పడెను. నలుబది దినములలో సంక్రాంతి. పంట ఆగినను పండుగ ఆగదు గదా! ఇద్దరు యజమానులకును మాట కుదరని అట్టి యేటనే అరువు పుట్టును.

అట్టి యేడు ఒకటి నేను కన్నులార చూచితిని. 1977 కార్తికమున శెట్టిగారు పట్టణపు టోకు వర్తకునివద్ద సంక్రాంతి సరకు అరువుకు తెచ్చిరి. నవంబరు 19న తుపాను వచ్చెను. కృష్ణకు ఆవలి దివిసీమలో ఉప్పెన వేలమందిని పొట్టబెట్టుకొనెను. మా యూరికి సముద్రము రాలేదుగాని, గాలికి ఇండ్ల కప్పులు లేచిపోయెను. వరి నేలకొరిగి నీటిలో కుళ్లెను. రెండవనాడు శెట్టిగారు తలుపు తీయగా వాకిట తడిబట్టలతో జనులు నిలిచియుండిరి. వారు పండుగ సరకు మూటలు విప్పి చీరలు, పంచెలు, దుప్పట్లు ఇచ్చుచుండిరి. నేను చిట్టా తెరచి వెల యెంత వ్రాయవలెనని అడిగితిని. "పేర్లు వ్రాయుము, అంకెలు వ్రాయకుము" అనిరి.

ఆ సంక్రాంతికి మా యూర కొత్త బట్ట కట్టినవారు లేరు. టోకు వర్తకుడు వడ్డీ లేకుండ మరుసటి పంటదాక ఆగెను. ఆ పంట వచ్చిన పిమ్మట జనులు తామే వచ్చి తమ వెలను తాము చెప్పి చెల్లించిరి. అందరును చెల్లించిరని నేననజాలను. కాని అంగడి నిలిచినది.

అందరు వర్తకులును అట్లు చేయవలెనని నేను చెప్పుట లేదు, చేయలేరు కూడ. మీవంటి పెద్దలు చేయదగినవి మూడు కలవు. వాతావరణ శాఖవారు తుపాను రాకను ఇప్పుడు కొన్ని దినములు ముందుగనే తెలుపుచున్నారు. ఆ వార్తను రైతుకును చిల్లర వర్తకునకును వెంటనే చెప్పుడు. ఒకడు కోసిన పంటను కాపాడుకొనును. రెండవవాడు సరకు దింపుట తగ్గించుకొనును. పంట పోయిన యేట పండుగకు పిల్లలకు మాత్రము బట్టలు చాలునని ముందుగా మీ యింటనే నిర్ణయింపుడు. పెద్దింటివారు మానినచో పేదవాడు సిగ్గుపడి అప్పు చేయడు. అరువు తప్పనిచో, వెలయు గడువును ఇరువురి యెదుట వ్రాయింపుడు. అరువు పేర వెల పెంచుటను ఒప్పుకొనకుడు.

ఆకాశమును మనము శాసింపలేము. పంచాంగమును మార్చలేము. ఆ రెంటి నడుమ నున్న పద్దుల పుస్తకము మాత్రము మన చేతిలోనిదే. సెలవు.