సరస్సు కురిపించే మంచు



అమెరికాలో బఫెలో అనే ఊరుంది. మన తెలుగు పిల్లలు కొందరు అక్కడా చదువుకుంటున్నారు. చలికాలంలో ఫోను చేసి "అమ్మా, మా పేటలో నడుంలోతు మంచు, ఊరికి ఆ చివర ఎండ కాస్తోంది" అంటే, పిల్ల గోరంతలు కొండంతలు చేస్తోందనుకోకండి. 2014 నవంబరులో ఆ ఊరి దక్షిణపు శివార్లలో అయిదడుగులకు పైగా మంచు పడితే, ఉత్తరపు వైపున కొద్ది అంగుళాలే పడింది.

ఇదంతా పక్కనున్న ఈరీ సరస్సు చేసే పని. పేరుకు సరస్సేగాని పొడవు 388 కిలోమీటర్లు! విజయవాడ నుంచి విశాఖపట్నం కంటే కాస్త ఎక్కువే. పొయ్యి ఆర్పినా కాగులో నీళ్ళు చాలాసేపు వెచ్చగా ఉంటాయి కదా, అలాగే వేసవి ఎండకు కాగిన ఆ నీటిలో చలికాలం మొదట్లో కూడా వెచ్చదనం మిగిలే ఉంటుంది. మనం చెయ్యిపెడితే చన్నీళ్ళే అనుకోండి, కెనడా వైపు నుంచి వచ్చే గాలికి మాత్రం అవే వేడినీళ్ళు. ఆ గాలి కిందినుంచి వేడినీ తేమనూ పీల్చుకుని, మేఘమై, ఒడ్డున మంచు కురిపిస్తుంది.

ఎంత కురుస్తుందో ముందుగా ఎలా చెబుతారు? నీటికీ, సుమారు కిలోమీటరున్నర ఎత్తున ఉన్న గాలికీ వేడిలో తేడా ఎంతో చూస్తారు. అది 13 డిగ్రీల సెంటీగ్రేడు దాటిందంటే జాగ్రత్తపడాలి. ఆపైన గాలి ఎటునుంచి వీస్తోందన్నది ముఖ్యం. ఈ సరస్సు పడమటి కొస నుంచి ఈశాన్యంగా సాగుతుంది, బఫెలో ఆ తూర్పు కొసన ఉంది. గాలి సరస్సు పొడవునా వీచిందా, దారంతా తేమ పోగుచేసుకుని ఒకే పట్టీగా వచ్చి మీదపడుతుంది. దిక్కు రవ్వంత మారితే ఒక పేట మునుగుతుంది, ఇంకో పేట బయటపడుతుంది. అందుకే ఎంత పడుతుందో చెప్పడంకన్నా ఎక్కడ పడుతుందో చెప్పడం కష్టం. ఈరీకి లోతు తక్కువ, సగటున 19 మీటర్లే. అది గడ్డకట్టిందంటే తేమ అందక మంచు బాగా తగ్గుతుంది.

2022 క్రిస్మస్ తుపానుకు హెచ్చరిక రోజుల ముందే వచ్చింది. అయినా ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు ఆరుబయట, కొందరు వేడిలేని ఇళ్ళలో. అంబులెన్సులే కదలలేకపోయాయి!

కనుక హెచ్చరిక వస్తే బియ్యం, పప్పు, మందులు నాలుగు రోజులకు సరిపడా తెచ్చుకుని ఇంట్లో ఉండమని చెప్పండి. పండక్కి రాలేదని స్నేహితులు చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి. ఒకవేళ కారులో చిక్కుకుపోతే, ఇంజను వేసేముందు వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యాలి. అది పూడుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.