రోగి మంచము ప్రక్కన
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువది యైదేండ్లుగా గ్రంథముల నందించుచున్న ఈ మందిరములో, గ్రంథము వలన మాత్రమే రాని విద్యను గూర్చి చెప్పుట వింతగా తోచవచ్చును. వైద్య విద్యార్థికి నడవడి నేర్పుట అట్టిది.

ఇది వైద్యుల యింటి విషయమని మీరనుకొనరాదు. 1923లో విశాఖపట్టణమున ఆంధ్ర వైద్య కళాశాల వెలసిన నాటినుండి కింగ్ జార్జి ఆసుపత్రిలో మంచమెక్కిన సామాన్యుల గుండె చప్పుడు వినియే, వారి కడుపు తడిమియే తరతరముల వైద్యులు తయారైరి. అందు పల్లెలవారెందరో!

చరకసంహిత విమానస్థానమున గురువు శిష్యునకు చేయు ఉపదేశమొకటి యున్నది. ఆ యింట అనుమతి గల తెలిసిన మనిషి తోడు లేక రోగి గృహమున ప్రవేశింపరాదు. అచటి గుట్టు వెలుపల పొక్కనీయరాదు. నియమము ప్రాచీనమే, కొరవడునది ఆచరణ.

2019లో చేరిన విద్యార్థులు మొదలుకొని మన దేశపు వైద్య కళాశాలలలో వైఖరి, నీతి, సంభాషణలను గూర్చిన పాఠక్రమము ప్రవేశపెట్టబడినది. అందు, శరీరనిర్మాణము నేర్చుకొను మృతదేహమును ప్రథమ గురువుగా భావింపుమని మొదటి యేటనే బోధింతురు. మంచిదే. కాని మాటాడని గురువును గౌరవించుట సులభము. మూలుగుచు, విసుగుకొను గురువును గౌరవించుటయే కష్టము.

ఆసుపత్రి వార్డు నొకదానిని తలచుకొనుడు. గుండె కవాటము చెడిన స్త్రీ పడుకొని యున్నది. ఆచార్యుడు పదిమంది విద్యార్థులతో వచ్చును. ఆయన ఆమెను "ఆరవ నంబరు మంచము" అనెనా, ఆ పదిమందికిని అదియే అలవాటగును. అట్లుగాక, "అమ్మా, వీరు నేర్చుకొను పిల్లలు, మీ గుండె చప్పుడు వినవచ్చునా?" అని యడిగి, తెర లాగించి, స్టెతస్కోపు బిళ్లను అరచేత వెచ్చజేసి ఆనించెనా, నీతి వారికి అక్కడికక్కడే ఒంటబట్టును. ఇద్దరు విన్న పిమ్మట ఆమెకు ఆయాసము వచ్చినచో తక్కిన యెనమండుగురను వెనుకకు పంపుటయు పాఠమే. పరీక్షల దినములలో, లక్షణములు స్పష్టముగా నున్న రోగికి గిరాకి యెక్కువ. ఆచార్యుని నిగ్రహము తేలునదప్పుడే. రోగము కనిపెట్టిన వానికే గాక, తీసిన దుప్పటి తిరిగి కప్పినవానికిని కొన్ని మార్కులుంచవలెనని నా యభిప్రాయము. నవ్వకుడు, నిజముగనే చెప్పుచున్నాను.

ఇక మీ మాట. విద్యార్థులు చూచెదమన్నపుడు సమ్మతించుట మేలే; చూడనిదే వారికి చేయి తిరుగదు. ఇష్టము లేనిచో వలదనవచ్చును. ఆ కారణమున చికిత్సలో లోపము రాకూడదు. "ఇద్దరు చాలును నాయనా, తక్కినవారు రేపు రండు" అనుటయు తప్పు కాదు. పేరేమి, ఎన్నవ యేడు చదువుచున్నావని అడుగుడు. అడుగకమున్నే చెప్పవలసిన బాధ్యత ఆ విద్యార్థిదే.