శరత్కాలపు ఆకాశంలో ఉత్తర దిక్కు



సప్తర్షి మండలం పట్టుకుని ధ్రువ నక్షత్రం చూడమని మనందరికీ నైట్ నావిగేషన్‌లో నేర్పారు. కానీ నవంబరులో రాత్రి 9 గంటలప్పుడు సప్తర్షులు దిగంతం దగ్గరకో, కిందికో దిగిపోతారు. అప్పుడు జీపీఎస్ పని చెయ్యకపోతే జవాను గతేమిటి? ఉత్తరాన పైకి చూడాలి. 'ఎం' అక్షరంలాగా ఐదు చుక్కలుంటాయి. అది కాసియోపియా. దాని కింద ఒంటరిగా, మధ్యస్థంగా వెలిగే చుక్కే ధ్రువం.

నడినెత్తి దగ్గర నలుచదరంగా ఉండే నాలుగు చుక్కలు మన పంచాంగంలోని పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర. ఆ చదరానికీ కాసియోపియాకీ మధ్య మబ్బుతునకలా కనిపించేది ఆండ్రోమెడా గెలాక్సీ. ఆ వెలుగు బయల్దేరి సుమారు 25 లక్షల ఏళ్లయింది. అమావాస్య రోజుల్లో, టార్చి ఆపి 20 నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు చేస్తే మామూలు బైనాక్యులర్ చాలు.

తూర్పున గుంపుగా ఉన్నవి కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. పున్నమి చంద్రుడు వాటి దగ్గరికి వస్తాడు కాబట్టే అది కార్తీకం.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, మీ కొత్త కుర్రాళ్లకు ఈ కార్తీకంలో ఒక్క రాత్రయినా ఇవి చూపించండి. జైహింద్.