కాలిన చోట మచ్చ పడుతుందా? మొదటి 20 నిమిషాలు, మూడో వారం

మైలవరం నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న విషయం ఒకటుంది. "అక్కా, వేడి నీళ్లు పడి చెయ్యి కాలింది, మచ్చ పోతుందా?" "గంజి పడింది, ఇంకో రెండు నెలల్లో పెండ్లి, ఏ క్రీమ్ రాయాలి?" ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. నా చెయ్యి కాలినప్పుడు డాక్టర్లు, డ్రెస్సింగ్ చేసిన సిస్టర్లు చెప్పినవి, ఆ తర్వాత నేను చదివి సరిచూసుకున్నవి మాత్రమే మీకు చెప్తున్నా.

మంటతో కాలడం వేరు, వేడి ద్రవం పడి కాలడం వేరు. మన ఇళ్లల్లో రెండోదే ఎక్కువగా చూస్తాం. సంగటి కెలికేటప్పుడు ఎసరు చిందుతుంది. బజ్జీలు వేసేటప్పుడు నూనె ఎగురుతుంది. చలికాలం స్నానానికి కాచిన నీళ్ల బకెట్ దగ్గరికి పిల్లోడు పాక్కుంటూ పోతాడు. మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. చిన్నచిన్నవి ఎవరూ లెక్కపెట్టరు.

కాలిన వెంటనే చేయాల్సిన పని ఒక్కటే. నీళ్లు. పారే చల్లటి నీళ్లు, 20 నిమిషాలు. రెండు నిమిషాలు పోసి "తగ్గిందిలే" అని ఆపేస్తే చాలదు. స్టవ్ మీది గిన్నె దించినా కాసేపు వేడిగానే ఉంటుంది కదా, చర్మం కూడా అంతే. పైన మంట తగ్గినట్టు అనిపించినా లోపలి వేడి ఇంకా కిందికి దిగుతూనే ఉంటుంది. ఎంత లోతుకు దిగితే మచ్చ పడే అవకాశం అంత పెరుగుతుంది. అందుకే ఫోన్ తీసి 20 నిమిషాలకు టైమర్ పెట్టేయండి. వెంటనే కుదరకపోయినా, కాలిన మూడు గంటల లోపల పోసినా లాభం ఉంటుంది.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని పిల్లల ఆసుపత్రికి వచ్చిన దాదాపు 2,500 మంది పిల్లల వివరాలు చూసి, 2020లో ఒక పరిశోధన వచ్చింది. మూడు గంటల లోపల 20 నిమిషాలు నీళ్లు పోసిన పిల్లల్లో, వేరే చోట నుంచి చర్మం తీసి అతికించే ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 40 శాతానికి పైగా తగ్గిందని తేలింది. రూపాయి ఖర్చు లేని పని ఇది.

అయితే మన దగ్గర ఒక చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మిద్దె మీద సింటెక్స్ ట్యాంక్ నీళ్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. కుళాయి తిప్పితే వేడి నీళ్లు వస్తాయి. అవి కాలిన చోట పోస్తే ఇంకా కష్టం. ముందు రెండో చేత్తో ముట్టుకొని చూడండి. వేడిగా ఉంటే మట్టికుండలో నీళ్లు చెంబుతో ఆగకుండా పోయండి. లేదంటే కుండ నీళ్లు బకెట్లో పోసి చెయ్యి ముంచండి, గోరువెచ్చగా అయితే మార్చండి. బోరు నీళ్లు కూడా పనికొస్తాయి. ఐసు మాత్రం వద్దు. ఐసు పెడితే రక్తనాళాలు ముడుచుకొని, కాలిన చర్మం ఇంకా దెబ్బ తింటుంది. చిన్న పిల్లలకైతే కాలిన చోట మాత్రమే పోయండి, మిగతా ఒళ్లు తడవకుండా గుడ్డ కప్పండి. లేకపోతే బిడ్డకు చలి పడుతుంది.

నీళ్లు పోస్తుండగానే గాజులు, ఉంగరం, వాచీ తీసేయండి. తర్వాత వాపు వస్తే అవి రావు. బట్ట చర్మానికి అంటుకొని ఉంటే మాత్రం లాగొద్దు.

ఇప్పుడు నా సంగతి చెప్తా. రెండేళ్ల కింద అన్నం గంజి వంచుతుంటే సిబ్బి జారి, ఎడమ ముంజేతి మీద మోచేతి దాకా గంజి పడింది. గంజి నీళ్లలాగా జారిపోదు. చిక్కగా ఉండి అంటుకుంటుంది, అందుకే ఎక్కువసేపు కాలుస్తుంది. మా అమ్మ నన్ను తొట్టి దగ్గరికి లాక్కుపోయి నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఆ అరుపులకు పక్కింటి అత్త టూత్‌పేస్ట్ తెచ్చింది. మా జేజి "ఇంకు పూయండి, బొబ్బలెక్కవు" అనింది. అమ్మ చెయ్యి వదల్లేదు. "ఉండు వదినా, ముందు నీళ్లు పోయనీ. అత్తా, నువ్వు ఇంకో కడవ తెప్పియ్" అని జేజికే పని చెప్పింది. నాకు ఇప్పటికీ ఆ తెలివి నచ్చుతుంది. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోలేదు, వాళ్ల చేతికి ఒక పని ఇచ్చింది. మీ ఇంట్లో కూడా ఇదే చేయండి.

టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు, కాఫీ పొడి, నెయ్యి, కోడిగుడ్డు సొన. ఇవి ఎందుకు వద్దంటే, కొన్ని వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, కొన్నిటితో చీము పడుతుంది. ఇంకు, పసుపు అయితే రంగు పట్టేసి, గాయం ఎంత లోతుందో డాక్టర్‌కు కనపడకుండా చేస్తాయి. ఆసుపత్రిలో వాటిని కడిగి తీసేటప్పుడు మీకు ఇంకో నరకం.

పాతకాలం పద్ధతులన్నీ పనికిరావని నేను అనను. పులివెందుల వైపు ఎక్కడ చూసినా అరటి తోటలే కదా. అదే అరటి ఆకును ముంబైలో డాక్టర్లు కాలిన గాయాల మీద కట్టుగా వాడి చూసి, 2003లో ఫలితాలు ప్రచురించారు. ఆకు గాయానికి అంటుకోదు, తీసేటప్పుడు నొప్పి తక్కువ, ఖర్చు దాదాపు లేదు. కానీ వాళ్లు దాన్ని ఆసుపత్రిలో క్రిములు లేకుండా శుద్ధి చేసి వాడారు. తోటలోంచి కోసుకొచ్చి నేరుగా వేసుకునేది కాదు. ఇంట్లో అయితే, నీళ్లు పోయడం అయిపోయాక ఉతికిన మెత్తటి నూలు గుడ్డ వదులుగా కప్పండి, చాలు. దూది నేరుగా పెట్టొద్దు, పోగులు గాయంలో ఇరుక్కుంటాయి.

ఆసుపత్రికి ఎప్పుడు పోవాలి? మీ అరచెయ్యి వేళ్లతో సహా మీ ఒంట్లో దాదాపు 1 శాతం. కాలింది అంతకన్నా పెద్దగా ఉంటే పోండి. ముఖం, చేతివేళ్లు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గర అయితే చిన్నదైనా పోండి. చిన్న పిల్లలకు, ముసలివాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు బొబ్బ లేస్తే చాలు, చూపించండి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. కాలిన చోట తెల్లగా, తోలులాగా అయ్యి నొప్పే తెలియడం లేదంటే "హమ్మయ్య, నొప్పి లేదు" అనుకోవద్దు. అది లోతుగా కాలిందని గుర్తు. పెద్దగా కాలితే 108కి ఫోన్ చేయండి. మాకు జమ్మలమడుగు దగ్గర, తర్వాత ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి, అక్కడి నుంచి కడప. పెద్ద కాలిన గాయాలకు ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో చికిత్స ఉంది. కార్డు వెంట తీసుకుపోండి. టీటీ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పండి.

డాక్టర్ నా చేతిని వేలితో నొక్కి చూసింది. నొక్కినప్పుడు తెల్లగా అయ్యి, వదలగానే మళ్లీ ఎర్రబడింది. "రక్తం బాగానే ఆడుతోంది. చాలావరకు పైపైనే కాలింది, రెండు మూడు వారాల్లో మానుతుంది. మోచేతి దగ్గర మాత్రం కొంచెం లోతుగా ఉంది, చూద్దాం" అనింది. బొబ్బలు నన్ను పగలగొట్టొద్దంది. బొబ్బ మీద చర్మం దేవుడిచ్చిన బ్యాండేజ్ లాంటిదని సిస్టర్ చెప్పింది. పగిలిపోతే సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, వాళ్లిచ్చిన మందు రాసి, అంటుకోని డ్రెస్సింగ్ వేసుకోవడమే. వాసన వచ్చినా, చీము కనిపించినా, చుట్టూ ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు పోవాలి.

తిండి దగ్గర కూడా గొడవే. "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు" అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ పత్యం చెప్పారు. కొత్త చర్మం కట్టుకోవడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చెనక్కాయలు మానేస్తే గాయమే ఆలస్యంగా మానుతుంది.

ఇక అసలు భయం దగ్గరికి వద్దాం. మచ్చ.

మనం మచ్చ అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు సంగతులు చెప్తాం. ఒకటి రంగు మారడం. గాయం మానాక కొత్త చర్మం మొదట గులాబీ రంగులో ఉంటుంది, తర్వాత నల్లబడుతుంది, లేదా చుట్టుపక్కల కన్నా తెల్లగా కనిపిస్తుంది. మనలాంటి చామనఛాయ, నల్ల చర్మాలకు ఇది చాలా మామూలు. చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతిని మళ్లీ సర్దుకోవడానికి టైమ్ కావాలి. పైపైన కాలిన గాయమైతే నెలల్లో చాలావరకు రంగు కలిసిపోతుంది, కొందరికి ఏడాది దాటుతుంది.

రెండోది ఉబ్బిన మచ్చ. గట్టిగా, ఎర్రగా, చర్మం కన్నా ఎత్తుగా లేచి దురద పెడుతుంది. ఇది లోతుగా కాలిన చోట వస్తుంది. ఇక్కడ మీరు చూడాల్సిన లెక్క మూడు వారాలు. రెండు వారాల్లోపు మానిన గాయానికి ఉబ్బిన మచ్చ రావడం అరుదు. మూడు వారాలు దాటినా మానకపోతే వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అందుకే మూడో వారం దాకా ఇంట్లో కూర్చొని ఎదురుచూడొద్దు. పది పద్నాలుగు రోజులకు ఇంకా పచ్చిగానే ఉంటే, ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి పోండి. మచ్చను ఆపడానికి అదే సరైన టైమ్.

నాకు రెండూ వచ్చాయి. ముంజేతి మీద చర్మం 16 రోజులకు మానింది. ఐదారు నెలలు నల్లగా ఉండి మెల్లగా కలిసిపోయింది. మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత చోటు నాలుగు వారాలు పట్టింది, తర్వాత ఉబ్బింది. రాత్రుళ్లు దురదకు నిద్ర పట్టేది కాదు.

అప్పుడు చేసినవి చెప్తా. గాయం పూర్తిగా మూసుకున్నాక మాత్రమే ఇవి. రోజుకు రెండు మూడు సార్లు కొబ్బరినూనెతోనో వ్యాసలీన్‌తోనో వేలితో నొక్కి గుండ్రంగా మర్దన. సిలికాన్ షీట్, రోజుకు కనీసం 12 గంటలు, నెలల తరబడి. ఎండకు పోతే నిండు చేతుల చొక్కా, లేదంటే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, ఎందుకంటే కొత్త చర్మం ఎండకు తొందరగా నల్లబడుతుంది. మోచెయ్యి చాపడం, ముడవడం రోజూ చేయాలి. కీలు మీద మచ్చ బిగుసుకుంటే చెయ్యి పూర్తిగా చాపలేం. చేత్తో పని చేసుకునే మనకు, మచ్చ కన్నా అది పెద్ద నష్టం.

ప్రతి ఆదివారం ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో ఫోటో తీసుకోండి. రోజూ అద్దంలో చూస్తే ఏ మార్పూ తెలియదు. మూడు నెలల ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది, డాక్టర్‌కూ ఉపయోగం.

క్రీముల సంగతి. ఒక మెడికల్ షాపులో నాకు చీటీ లేకుండానే ఒక ట్యూబ్ ఇచ్చారు, "వారంలో తెల్లగా అవుతుంది" అని. ఇంటికొచ్చి పేరు వెతికితే అందులో స్టెరాయిడ్ ఉంది. డాక్టర్ చెప్పకుండా అలాంటివి రాస్తే చర్మం పలచబడుతుంది, కొత్త మచ్చలు పడతాయి. ట్యూబ్ వెనక ఏముందో చదవండి, అర్థం కాకపోతే డాక్టర్‌ను అడగండి. ఉబ్బిన మచ్చకు డాక్టర్లు ఇంజెక్షన్లు, లేజర్ లాంటివి చేస్తారు, అవసరమైతే ఆపరేషన్ కూడా. మచ్చ మెత్తబడి సద్దుమణగడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. పెండ్లికి రెండు నెలలే ఉందంటే, ఆ రెండు నెలల్లో మాయం చేసే క్రీమ్ ఏదీ లేదు. ఉందని చెప్పేవాళ్లకు మీ డబ్బు ఇవ్వకండి.

కాలిన పిల్లను చూడటానికి వచ్చినవాళ్లకు కూడా ఒక మాట. "అయ్యో, ఆడపిల్ల, మచ్చ పడిందే, సంబంధాలు ఎట్లా?" అని మంచం పక్కన కూర్చొని అనకండి. అప్పటికే తను అదే ఆలోచిస్తూ ఉంటుంది. ఆ మాట విన్నాక డ్రెస్సింగ్‌కు కూడా బయటికి రాని అమ్మాయిలు ఉన్నారు, చెయ్యి దాచుకొని వ్యాయామం మానేసినవాళ్లూ ఉన్నారు. దానివల్ల పోయేది చేతి కదలిక. అబ్బాయిలూ, మీ ఇంట్లో ఈ మాట వస్తే మీరే ఆపండి.

ఈ రోజు వంటింట్లోకి పోయి మీ అమ్మకో, వంట చేసేవాళ్లు ఎవరుంటే వాళ్లకో 20 నిమిషాల సంగతి చెప్పండి. వేసవిలో ఒక కుండ నీళ్లు నిండుగా ఉండేలా చూసుకోండి. ఇప్పటికే కాలి, రెండు వారాలైనా మాననివాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, క్రీమ్ పేరు వెతకడం ఆపి రేపు పొద్దున్నే ఆసుపత్రికి బయలుదేరండి.